110 వోల్ట్ డీసీకి పాత ట్రాన్స్‌ఫార్మర్ చార్జరే ఉంచాలా, ఎస్‌ఎంపీఎస్‌కి మారాలా?

సున్నపురాయి_ఎలక్ట్రికల్ (ఎర్రగుంట్ల)

మన వైపు సిమెంటు ప్లాంట్లు, ముగ్గురాయి మైన్లు, సబ్‌స్టేషన్లు ఎక్కడ చూసినా ఇప్పుడు ఒకటే పాట. బ్రేకర్లకి, రిలేలకి డీసీ ఇచ్చే బ్యాటరీని చార్జ్ చేసే ఇరవై ఏళ్ల నాటి థైరిస్టర్ చార్జర్ ప్యానెళ్లు (బరువైన ట్రాన్స్‌ఫార్మర్, సెమీకండక్టర్ స్విచ్చులున్నవి) పీకేయండి, మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ (హై ఫ్రీక్వెన్సీ స్విచింగ్‌తో నడిచే, విడివిడి మాడ్యూళ్ల చార్జరు) పెట్టండి, కరెంటు ఆదా, జాగా ఆదా అంటున్నారు. దీని మీద తేల్చుకుందాం.

గాల్లో మాట్లాడకుండా ఒక లెక్క పెట్టుకుందాం. 33/6.6 కేవీ సబ్‌స్టేషన్. 110 వోల్ట్ డీసీ, 55 సెల్స్, 200 ఏహెచ్ (ఆంపియర్ గంటలు), నీళ్లు పోసే ట్యూబులర్ బ్యాటరీ. బ్రేకర్ల కంట్రోలు, రిలేలు, ఇండికేషన్ కలిపి ఎప్పుడూ ఉండే లోడు 10 ఆంపియర్లు. ఇప్పుడున్నది 40 ఆంపియర్ల ఫ్లోట్ కమ్ బూస్ట్ చార్జర్ (ఫ్లోట్ అంటే నిండిన బ్యాటరీని నిండుగానే నిలపడం, బూస్ట్ అంటే ఎక్కువ వోల్టేజీతో నింపడం): మూడు ఫేజుల ట్రాన్స్‌ఫార్మర్, ఆరు ఎస్‌సీఆర్‌ల (అంటే థైరిస్టర్ల) బ్రిడ్జి, చోక్ (కరెంటు అలలు తగ్గించే కాయిల్), ఫిల్టర్ కెపాసిటర్లు. గదిలో ఎయిర్ కండిషనర్ లేదు, ఎగ్జాస్ట్ ఫ్యాను మాత్రమే.

ఈ డ్యూటీకి ట్రాన్స్‌ఫార్మర్ చార్జరే మేలని నా వాదన. కాదనేవాళ్లు అంకెలతో రండి. సమర్థించేవాళ్లు కూడా "పాతది గట్టిదప్పా" అని వదిలేయొద్దు. ఏ భాగం గట్టిదో, ఎందుకు గట్టిదో చెప్పాలి.

మాడ్యూల్_మామ (కర్నూలు)

సరే, అంకెలతోనే వస్తా.

ఫ్లోట్ వోల్టేజీ 2.25 చొప్పున 55 సెల్స్‌కి దగ్గర దగ్గర 124 వోల్టులు. 10 ఆంపియర్ల మీద 1.24 కిలోవాట్లు. మీ 40 ఆంపియర్ల చార్జరు నిండు లోడు మీద 87, 88 శాతం ఇస్తుందేమో గానీ, జీవితమంతా పావు లోడు మీదే నడుస్తుంది కదా. అప్పుడు కోర్ నష్టం మారదు కాబట్టి ఎఫిషియెన్సీ 80 దగ్గరికి దిగుతుంది. తీసుకునేది 1.55 కిలోవాట్లు. ఎస్‌ఎంపీఎస్ 93 శాతం అనుకుంటే 1.33. తేడా 0.22 కిలోవాట్లు, ఏడాదికి 8,760 గంటలు, అంటే సుమారు 1,900 యూనిట్లు.

రెండోది, మాడ్యూళ్లు. 10 ఆంపియర్లవి ఐదు పెడితే ఒకటి పోయినా నాలుగు మిగిలి 40 ఆంపియర్లు ఇస్తాయి. పోయినదాన్ని లైనులో ఉండగానే లాగేసి కొత్తది తోయొచ్చు. ఐదు నిమిషాల పని. మీ ప్యానెల్లో ఒక్క ఎస్‌సీఆర్ పోతే మొత్తం చార్జరు ఆగొచ్చు.

మూడోది పవర్ ఫ్యాక్టరు, హార్మోనిక్స్ (మెయిన్స్ కరెంటు అల ఆకారాన్ని చెడగొట్టేవి). ఆరు పల్సుల బ్రిడ్జి అంటే ఐదో హార్మోనిక్ సిద్ధాంతం ప్రకారమే 20 శాతం, ఏడోది 14 శాతం. ఫ్లోట్ మీద ఫైరింగ్ యాంగిల్ (ఎస్‌సీఆర్ ఆన్ అయ్యే క్షణం) వెనక్కి జరిగి ఉంటుంది కనుక పవర్ ఫ్యాక్టరు 0.7కి అటూ ఇటూ. మా దాంట్లో 0.98 పైన.

నాలుగోది బ్యాటరీ ఆరోగ్యం. టెంపరేచర్ కాంపెన్సేషన్ (వేడి పెరిగేకొద్దీ ఫ్లోట్ వోల్టేజీ తగ్గించడం) మాకు పుట్టుకతోనే వస్తుంది. మన ఎండల్లో 45 డిగ్రీల గదిలో 124 వోల్టులే పట్టుకుని కూర్చుంటే నీళ్లు ఆవిరైపోవా?

సున్నపురాయి_ఎలక్ట్రికల్

1,900 యూనిట్లు ఒప్పుకుంటా. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే పదమూడు వేల చిల్లర. ఏడాదికి! డీసీ పోయి 6.6 కేవీ ఇన్‌కమర్ (సరఫరా వచ్చే మెయిన్ బ్రేకర్) ట్రిప్పు ఇవ్వకపోతే, లేదా ఉత్తినే ట్రిప్పయి కిల్న్ (సిమెంటు బట్టీ) ఆగితే, మళ్లీ వేడెక్కించి ఫీడ్ ఎక్కించేసరికి పోయే ఇంధనం ముందు ఈ పదమూడు వేలు లెక్కలోకి రావు.

హార్మోనిక్స్ మాట ఈ సైజుకి తేవొద్దు మామా. ఈ చార్జరు 8 కేవీఏ, 415 మీద 11 ఆంపియర్లు. పక్కనే మెగావాట్లలో మోటారు డ్రైవులు తిరుగుతున్న బస్ (కరెంటు పంచే కడ్డీలు) మీద దీని ఐదో హార్మోనిక్ ఎవరికి కనపడుతుంది?

కాంపెన్సేషన్ మాట మాత్రం నిజం. పాత కంట్రోలు కార్డుల్లో చాలావాటికి అది లేదు. దాని సంగతి తర్వాత మాట్లాడదాం.

చుట్టుడు_షాపు (అనంతపురం)

ఎవరూ న్యూట్రల్ ఊసెత్తలేదు. అసలు గొడవ అక్కడుంది.

మీ థైరిస్టర్ చార్జర్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ డెల్టా. మూడు వైర్లు, అంతే. న్యూట్రల్ అనేదే దానికి అక్కర్లేదు. ఎక్కువ ఎస్‌ఎంపీఎస్ మాడ్యూళ్లు సింగిల్ ఫేజువి. ఐదు మాడ్యూళ్లంటే ఆర్, వై, బీ అనే మూడు ఫేజుల్లో రెండు ఆర్‌కి, రెండు వైకి, ఒకటి బీకి వేసి, అన్నిటికీ ఒకే న్యూట్రల్ కలుపుతారు. ఆ న్యూట్రల్ లగ్ ఒకటి వదులై ఊడిందనుకో. అప్పుడు మూడు ఫేజుల మధ్య లోడు ఎట్లా పంచుకుంటుందో దాన్ని బట్టి వోల్టేజీ పంచుకుంటుంది. తక్కువ లోడున్న ఫేజు మీద 240 కాస్తా 350, 380, ఇంకా పైకి 415 వైపు ఎక్కుతుంది.

415 ఏసీని రెక్టిఫై చేస్తే పీక్ 587 వోల్టులు. లోపలున్న బల్క్ కెపాసిటరు రేటింగు 450. ఇంక చెప్పేదేముంది, టపాకాయే. ముందు ఒక మాడ్యూలు పోతుంది, దాంతో బ్యాలెన్సు ఇంకా చెడి రెండోది పోతుంది. ఐదు మాడ్యూళ్లుంటే ఒకటి పోయినా నాలుగుంటాయన్న లెక్క ఇక్కడ పని చేయదు, ఎందుకంటే దెబ్బ అన్నిటికీ ఒకే వైపు నుంచి, ఒకే సారి వస్తోంది. పిడుగు సర్జ్ కూడా అంతే.

ట్రాన్స్‌ఫార్మర్ సంగతి వేరు. ఇనుము, రాగి కలిపి బరువెక్కువ, వేడెక్కడానికి టైము పడుతుంది. రెండు వైండింగుల మధ్య రాగి రేకు స్క్రీను పెట్టి ఎర్త్ చేసి ఉంటే సర్జ్ చాలా మటుకు అక్కడే దిగిపోతుంది. పది నిమిషాలు 15 శాతం ఎక్కువ వోల్టేజీ వచ్చినా గుయ్‌మని మూలుగుతుంది గానీ చావదు.

ఒకవేళ కాలినా, సీమలో బోరు మోటార్లు చుట్టే షాపు లేని ఊరుందా? 8 కేవీఏ డ్రై టైపు ట్రాన్స్‌ఫార్మర్ చుట్టడం వాళ్లకి కొత్త కాదు. చుట్లు లెక్కపెట్టి, తీగ గేజి మైక్రోమీటరుతో కొలిచి, అదే క్లాసు ఇన్సులేషన్ పేపరు వేసి, వార్నిష్ ముంచి, ఓవెన్లో ఆరబెట్టి ఇస్తారు. రెండు జాగ్రత్తలు. ఒకటి, స్క్రీన్ రేకు చివరలు ఒకదానికొకటి తగలకూడదు, మధ్యలో ఇన్సులేషన్ ఉండాలి. తగిలితే అది షార్టయిన ఒక చుట్టు, స్విచ్ వేసిన వెంటనే కాలుతుంది. రెండు, స్టాంపింగులు (కోర్ ఇనుప రేకులు) తిరిగి పేర్చేటప్పుడు సందులు వదిలితే నో లోడ్ కరెంటు పెరిగి మూలుగు ఎక్కువవుతుంది.

మాడ్యూల్_మామ

న్యూట్రల్ మాట ఒప్పుకోక తప్పదు. కానీ అది మాడ్యూల్ ఎంచుకోవడంలో తప్పు, టెక్నాలజీ తప్పు కాదు. 300 వోల్టులు దాటితే ఇన్‌పుట్ రిలే తెరుచుకుని తప్పుకునే మాడ్యూళ్లున్నాయి. న్యూట్రల్ లేని మూడు ఫేజుల మాడ్యూళ్లూ ఉన్నాయి. స్పెసిఫికేషన్లో రాయకుండా చవకది కొని, పేలాక తిడితే ఎట్లా? లేదంటే ముందు ఒక డెల్టా స్టార్ ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, దాని సెకండరీలో లోకల్ న్యూట్రల్ తయారు చేసుకోండి.

చుట్టుడు_షాపు

అంటే బరువని తీసేసిన ట్రాన్స్‌ఫార్మరును పక్క తలుపు నుంచి మళ్లీ లోపలికి తెచ్చావన్నమాట. సంతోషం.

గ్యారేజ్_గణపతి (ప్రొద్దుటూరు)

ఇంకో ముఖ్యమైన పాయింటు. ఎస్‌ఎంపీఎస్‌లో ఐసొలేషనే ఉండదు కదా, మెయిన్స్ నేరుగా డీసీ మీదికి వస్తుంది. అది చాలు తిరస్కరించడానికి.

రిలే_టెస్టర్ (గుంతకల్లు)

గణపతి గారూ, అది తప్పు. మన పక్షాన ఉన్నా తప్పు తప్పే. చార్జర్‌గా అమ్మే ఎస్‌ఎంపీఎస్‌లో హై ఫ్రీక్వెన్సీ ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, ఇన్‌పుట్‌కీ అవుట్‌పుట్‌కీ ఐసొలేషన్ ఉంటుంది. తేడా వచ్చేది ఇంకో చోట.

మన 110 వోల్ట్ డీసీ ఎర్త్ లేని సిస్టం. ప్లస్సూ మైనస్సూ రెండూ ఎర్త్ నుంచి తేలుతూ ఉంటాయి, ఒక చోట ఎర్త్ ఫాల్ట్ వచ్చినా బ్రేకర్ ట్రిప్ కాకూడదని. ఎస్‌ఎంపీఎస్ మాడ్యూళ్లలో రేడియో శబ్దం తగ్గించడానికి ప్రతి పోల్ నుంచి బాడీకి చిన్న చిన్న వై కెపాసిటర్లు పెడతారు. ఒక్కోటి చిన్నదే. ఐదు మాడ్యూళ్లవీ, న్యూమరికల్ రిలేల పవర్ సప్లైలవీ, వందల మీటర్ల కంట్రోలు కేబుల్ కెపాసిటెన్సూ కలిస్తే మొత్తం పెరుగుతుంది. అప్పుడు యార్డులో ఒక కేబుల్ తడిసి ఎర్త్ అయితే, ఆ చార్జు అంతా ఒక్కసారి ఆ దారిన దిగుతుంది. ఆ దారిలో రిలే బైనరీ ఇన్‌పుట్ (సిగ్నల్ వచ్చిందా లేదా అని మాత్రమే చదివే టెర్మినల్) ఉంటే, అది కొన్ని మిల్లీసెకన్ల పాటు "వచ్చింది" అని చదువుతుంది. కారణం దొరకని ట్రిప్పులు ఇట్లాంటివే. మందు కూడా ఉంది: ట్రిప్ ఇచ్చే బైనరీ ఇన్‌పుట్‌లకి పికప్ వోల్టేజీ ("వచ్చింది" అని చదివే హద్దు) సగానికి పైన పెట్టాలి, డీబౌన్స్ టైము (సిగ్నల్ నిలిచి ఉందో లేదో చూసే వ్యవధి) పెంచాలి. ట్రాన్స్‌ఫార్మర్ చార్జరుకి ఈ కెపాసిటర్ల బాధ తక్కువ, కానీ అసలు లేదనలేం.

ఇంకో తప్పుడు నమ్మకం కూడా తీసేద్దాం. "థైరిస్టర్ చార్జరు ఫాల్ట్ కరెంటు ఇస్తుంది, ఎస్‌ఎంపీఎస్ ఇవ్వదు" అంటారు. ఫీడరు ఎంసీబీని ట్రిప్ చేసేది రెండిట్లోనూ బ్యాటరీయే. రెండు చార్జర్లూ 105, 110 శాతం దగ్గర కరెంటు కట్టేస్తాయి. థైరిస్టర్ కంట్రోలు నిదానం గనుక మొదటి కొన్ని మిల్లీసెకన్లు, చోక్ వెనకున్న కెపాసిటరు వల్ల ఒక కుదుపు ఎక్కువొస్తుంది, అంతే. బ్యాటరీ విప్పి చార్జరు ఒక్కదాని మీద ప్యానెల్ నడపడం ఏ చార్జరుతోనైనా తప్పే. బ్రేకర్ల స్ప్రింగు బిగించే స్ప్రింగ్ చార్జింగ్ మోటార్లు నాలుగు ఒకేసారి తిరిగితే వోల్టేజీ కుప్పకూలుతుంది.

ఎండ_దుమ్ము (తాడిపత్రి)

అసలు శత్రువులు ఎండ, దుమ్ము. వాటి గురించి ఎవరూ పట్టించుకోవట్లేదు.

ఎస్‌ఎంపీఎస్ లోపల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల లెక్క చూడండి. 105 డిగ్రీలకి 5,000 గంటలని రాసి ఉంటుంది. పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు అనే పాత సూత్రం వాడితే, కెపాసిటరు దగ్గర 65 డిగ్రీలుంటే 80,000 గంటలు, సుమారు తొమ్మిదేళ్లు. మన మే నెల గది 45, మాడ్యూలు లోపల ఇంకో 30 కలిస్తే 75. అప్పుడు 40,000 గంటలు, నాలుగున్నరేళ్లు. ఏడాదంతా ఎండాకాలం కాదు గనుక నిజం ఈ రెండిటికీ మధ్యన ఉంటుంది. ఫ్యాను ఆగితే అది వేరే కథ.

ఫ్యాను ఎందుకు ఆగుతుంది? సిమెంటు దుమ్ము. పొడిగా ఉన్నంతసేపు ఊదితే పోతుంది. వాన చినుకు పడి గాలి చెమ్మెక్కాక హీట్‌సింక్ రెక్కల మధ్య గట్టిపడి రాయవుతుంది. బ్రష్షుతో రాదు. పైగా అది క్షారం. కోటింగ్ లేని బోర్డు మీద చెమ్మ పట్టితే ట్రాకుల మధ్య లీకేజీ, పాదాల దగ్గర పచ్చటి తుప్పు. బొగ్గు మిల్లు పక్కన ఇంకా ఘోరం. బేతంచెర్ల వైపు నాపరాతి పాలిషింగ్ యూనిట్లలో తెల్లటి స్లర్రీ ఎండి ఎగిరేది కూడా ఇట్లాగే పట్టుకుంటుంది.

థైరిస్టర్ ప్యానెల్లో ఎస్‌సీఆర్‌లు ఒక పెద్ద అల్యూమినియం హీట్‌సింక్ మీద, రెక్కల మధ్య వేలు దూరేంత సందుతో ఉంటాయి. 40 ఆంపియర్లకి ఫ్యానే అక్కర్లేదు, గాలి తనంతట తాను పైకి పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ క్లాస్ హెచ్ అయితే వైండింగు 180 డిగ్రీల దాకా తట్టుకునే ఇన్సులేషన్. దుమ్ము పట్టితే వేడి కొంచెం పెరుగుతుంది, పని ఆగదు. ఆర్నెల్లకోసారి పొడి గాలి తక్కువ ప్రెషర్లో కొట్టి, బస్‌బార్ బోల్టులు బిగిస్తే చాలు.

అయితే థైరిస్టర్ చార్జర్‌లో కూడా ఎలక్ట్రోలిటిక్ ఫిల్టర్ కెపాసిటర్లుంటాయన్న సంగతి మరిచిపోతున్నాం. ఏడెనిమిదేళ్లకి అవి ఎండిపోతాయి. వోల్టేజీ మీటరు ఏమీ చెప్పదు, అంతా బాగున్నట్టే ఉంటుంది. రిపుల్ (డీసీ మీద మిగిలిపోయే ఏసీ అల) మాత్రం పెరిగి బ్యాటరీలోకి పోతుంది. నీళ్ల బ్యాటరీ కొంత ఓర్చుకుంటుంది. వీఆర్‌ఎల్‌ఏ (నీళ్లు పోయక్కర్లేని సీల్డ్ బ్యాటరీ) అయితే 100 ఏహెచ్‌కి 5 ఆంపియర్ల రిపుల్ దాటనీయొద్దని చెప్తారు, లోపల వేడెక్కి ఎండిపోతుంది. ట్రూ ఆర్‌ఎంఎస్ ఏసీ డీసీ క్లాంప్ మీటరు బ్యాటరీ తీగ మీద వేసి, ఏసీ రేంజిలో ఏడాదికి రెండు సార్లు చదివి రాసుకోండి. అంకె పెరుగుతూ పోతుంటే కెపాసిటర్లు మార్చే టైమొచ్చినట్టు.

ఫోర్క్‌లిఫ్ట్_అన్న (కడప)

మీరంతా సబ్‌స్టేషన్ గదిలోనే తిరుగుతున్నారు. గోదాము ఫోర్క్‌లిఫ్టుల్లో నా లెక్క ఉల్టా వస్తుంది.

48 వోల్ట్, 600 ఏహెచ్ ట్రాక్షన్ (బండిని నడిపే) బ్యాటరీ, రోజుకి 80 శాతం ఖాళీ చేస్తున్నారనుకోండి. 480 ఏహెచ్ తిరిగి ఎక్కించాలి. పాత ఫెర్రోరెసొనెంట్ చార్జరు చివర్లో గ్యాసింగ్ ఎక్కువ చేస్తుంది, 20 శాతం అదనంగా ఎక్కించాలి, 576 ఏహెచ్. సగటున 56 వోల్టుల మీద 32 యూనిట్లు, 83 శాతం ఎఫిషియెన్సీకి గోడ దగ్గర 39 యూనిట్లు. హై ఫ్రీక్వెన్సీ (ఎస్‌ఎంపీఎస్) చార్జరు 8 శాతం అదనంతో సరిపెడుతుంది: 518 ఏహెచ్, 29 యూనిట్లు, 92 శాతానికి 31.5. ఒక్కో చార్జింగులో ఏడు యూనిట్ల పైన తేడా. 300 రోజులకి 2,200 యూనిట్లు, ఒక్క బండికి. పది బండ్లుంటే కొత్త చార్జర్ల డబ్బు తిరిగొస్తుంది.

అంటే రోజూ నిండు లోడు మీద నడిచే చోట ఎఫిషియెన్సీ మాట్లాడుతుంది. ఫ్లోట్ మీద కునుకు తీసే చోట దానికి పెద్ద విలువ లేదు.

అట్లాగని ఫెర్రో చెత్తని అననులే. అందులో ఉన్నదేంటి? ట్రాన్స్‌ఫార్మర్, ఒక ఆయిల్ కెపాసిటరు, రెండు డయోడ్లు, టైమరు. కోర్ సాచురేషన్లో నడుస్తుంది కాబట్టి ఇన్‌పుట్ 10, 15 శాతం ఎగుడుదిగుడైనా అవుట్‌పుట్ కదలదు. అవుట్‌పుట్ క్లిప్పులు ఒకదానికొకటి తగిలించినా కరెంటు తనంతట తానే కట్టుబడుతుంది, కాలిపోదు. చార్జింగ్ గదిలో క్లిప్పులు తగిలించడం ఎంత మామూలో మీకు తెలుసు కదా.

దాని జబ్బులు రెండు. ఆ రెసొనెంట్ కెపాసిటరు ముసలిదయ్యేకొద్దీ అవుట్‌పుట్ తగ్గుతుంది. బ్యాటరీ నిండట్లేదని సెల్స్ మార్చేస్తారు, తప్పు కెపాసిటర్‌ది. కాబట్టి ముందు దాన్ని డిశ్చార్జ్ చేసి మైక్రోఫారడ్ కొలవండి, రాసినదానికన్నా 6 శాతానికి మించి తగ్గి ఉంటే మార్చండి. మార్చేటప్పుడు అదే ఏసీ వోల్టేజీ రేటింగు, 660 ఉంటే 660 వేయాలి. 440 ది వేస్తే ఉబ్బుతుంది. రెండోది ఫ్రీక్వెన్సీ. అది ఒక శాతం తగ్గితే అవుట్‌పుట్ ఒకటిన్నర శాతం తగ్గుతుంది. జనరేటరు మీద 49 హెర్ట్జ్ నడిస్తే 3 శాతం పోయినట్టు. రాత్రంతా జనరేటరు మీద చార్జ్ చేసిన బ్యాటరీ పొద్దున బరువుగా నడవడానికి కారణం ఇదే.

లిథియం బ్యాటరీ వస్తే ఫెర్రోకి తలుపు మూసుకున్నట్టే. బీఎంఎస్‌తో (బ్యాటరీని కనిపెట్టే కంట్రోలరుతో) మాట్లాడి కరెంటు తగ్గించడం దానికి చేతకాదు.

మాడ్యూల్_మామ

అన్న నా పక్షానికొచ్చాడు, సంతోషం. సబ్‌స్టేషన్ విషయంలో నా ఆఖరి ప్రశ్న. రిపేరు సులువని అందరూ అంటున్నారు. నిజంగా సైటులో చేయగలిగింది ఎంత? కంట్రోలు కార్డు పోతే, దాన్ని చేసిన కంపెనీయే మూతపడి ఉంటే, మీ ట్రాన్స్‌ఫార్మర్ ఎంత గట్టిదైతే ఏం లాభం?

డీసీ_ప్యానెల్ (నంద్యాల రోడ్డు, కర్నూలు)

మంచి ప్రశ్న. రెండు ముక్కలుగా చెప్తా.

ముందు సైటులో జరిగేది. ఎక్కువగా వచ్చే జబ్బు, ఒక ఎస్‌సీఆర్ ఫైర్ కాకపోవడం. ఫీడ్‌బ్యాక్ ఉంది గనుక మిగతా ఐదూ ముందుకు జరిగి 124 వోల్టులు పట్టుకుంటాయి, అలారం రాదు. గుర్తు ఏంటంటే ట్రాన్స్‌ఫార్మర్ మూలుగు మారుతుంది, వేడెక్కుతుంది. 300 హెర్ట్జ్ సన్నటి శబ్దం పోయి బరువైన 50 హెర్ట్జ్ గొంతు వినిపిస్తుంది. క్లాంప్ మీటరుతో సెకండరీ మూడు తీగల కరెంటు చూడండి, ఒకటి తేడాగా ఉంటుంది. ప్రైమరీలో కొలవొద్దు, డెల్టాలో ఆ తేడా రెండు లైన్లకి పంచుకుపోయి అయోమయం చేస్తుంది.

అప్పుడు బూస్ట్, ఫ్లోట్ రెండూ ఆపి, ఏసీ, బ్యాటరీ రెండు ఐసొలేటర్లూ తెరిచి, ఫిల్టర్ కెపాసిటర్లు రెసిస్టరుతో డిశ్చార్జ్ చేసి, గేటు తీగలు ఊడదీయండి. గేటుకీ కేథోడ్‌కీ మధ్య 10 నుంచి 50 ఓంలుండాలి. ఆనోడ్‌కీ కేథోడ్‌కీ మధ్య రెండు వైపులా చాలా ఎక్కువ ఉండాలి, సున్నాకి దగ్గరైతే షార్టు. ఇది పాసైనా నమ్మొద్దు. 12 వోల్ట్ బ్యాటరీ, 21 వాట్ల బండి బల్బు సిరీస్‌లో పెట్టి, ఆనోడ్ నుంచి 100 ఓం రెసిస్టరుతో గేటుని ఒక్క క్షణం తాకించండి. బల్బు వెలిగి, గేటు వదిలినా వెలుగుతూనే ఉంటే ఎస్‌సీఆర్ బాగుంది, జబ్బు గేటుకి పల్సు పంపే పల్స్ ట్రాన్స్‌ఫార్మర్‌దో కార్డుదో. వెలిగి ఆరిపోతే ఎస్‌సీఆర్ పనైపోయింది.

మార్చేటప్పుడు హీట్‌సింక్ మీది పాత పేస్టు తుడిచి కొత్తది పల్చగా రాయండి, స్టడ్ రకమైతే టార్క్ మించొద్దు, లోపలి సిలికాన్ పలక పగులుతుంది. సెమీకండక్టర్ ఫ్యూజు బదులు మామూలు హెచ్‌ఆర్‌సీ ఫ్యూజు వేయకండి. ఆంపియర్లు ఒకటే అయినా అది కరిగేలోపు ఎస్‌సీఆర్ ముందు పోతుంది. ప్రతి ఎస్‌సీఆర్ పక్కన వోల్టేజీ కుదుపులు మింగడానికి ఉండే స్నబ్బర్ రెసిస్టరు నల్లబడిందేమో చూడండి. అది తెగిపోతే కొత్త ఎస్‌సీఆర్ కూడా నెల తిరక్కుండా పోతుంది.

ఇంకో మోసం: కేబుల్ మార్చిన రోజు నుంచి చార్జరు పిచ్చిగా ఊగితే కార్డు మీద పడొద్దు. ఫేజ్ సీక్వెన్స్ (ఫేజుల వరస) తిరగబడి ఉంటుంది, ఫైరింగ్ మెయిన్స్‌తో కలిసి రాదు. రెండు ఫేజులు మార్చి చూడండి.

ఇప్పుడు కార్డు. మామ చెప్పింది నిజమైన బలహీనత. దుమ్ముపట్టిన ప్రీసెట్ పొటెన్షియోమీటరు (వోల్టేజీ సెట్ చేసే చిన్న స్క్రూ) ఒక్కటి జరిగి ఫ్లోట్ 2.25 నుంచి 2.35కి ఎక్కినా బ్యాటరీ ఎండుతుంది, ఎవరూ చూడరు. కానీ దానికి మొత్తం ప్యానెల్ పీకడమెందుకు? ఆరు పల్సుల ఫైరింగ్ బోర్డులు మార్కెట్లో విడిగా దొరుకుతాయి, ఏ బ్రిడ్జికైనా పనికొస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్, చోక్, హీట్‌సింక్, క్యాబినెట్ అట్లాగే ఉంచి, కంట్రోలు మాత్రం కొత్త డిజిటల్ది వేయొచ్చు. అందులో టెంపరేచర్ కాంపెన్సేషన్ కూడా వస్తుంది. బ్యాటరీ మధ్య వరుసలో ఒక సెల్‌కి సెన్సరు అతికించండి, గోడకి కాదు. సెల్‌కి డిగ్రీకి 3 మిల్లీవోల్టుల లెక్కన 27 నుంచి 45కి పోతే 55 సెల్స్‌కి 3 వోల్టులు తగ్గి, 124 కాస్తా 121 దగ్గర నిలబడుతుంది.

ఎస్‌ఎంపీఎస్ మాడ్యూలుకి ఈ సుఖం లేదు. ఎనిమిది పదేళ్లకి ఆ మోడల్ ఆగితే కొత్త మాడ్యూలు పాత స్లాట్‌లో దూరదు, వెనక కనెక్టరు మారుతుంది, కంట్రోలరుతో భాష కలవదు. ర్యాకుతో సహా మార్చాలి.

రిలే_టెస్టర్

దీనికి ఒకటి కలుపుతా. నీళ్ల బ్యాటరీకి బూస్ట్ 2.7 చొప్పున 55 సెల్స్‌కి 148 వోల్టులు. రిలేలకి, కాయిల్స్‌కి 110 మీద పది శాతం పైన అంటే 121 హద్దు. నిజానికి ఫ్లోట్ 124 కూడా ఆ హద్దుని కొంచెం దాటింది, అందుకే కొందరు 54 సెల్స్ పెట్టి 121.5తో సరిపెడతారు. బూస్ట్ చేసేటప్పుడు లోడు బ్యాటరీ నుంచి విడదీసి ఫ్లోట్ సెక్షన్ మీద పెట్టాలి. ఆ సమయంలో మెయిన్స్ పోతే లోడు గాల్లో ఉండకూడదని 42వ సెల్ నుంచి ట్యాప్ తీసి డయోడ్ ద్వారా లోడ్ బస్‌కి కలుపుతారు. 42 సెల్స్ బూస్ట్‌లో 113 వోల్టులే కనుక మామూలప్పుడు డయోడ్ మూసుకుని ఉంటుంది, ఫ్లోట్ పడిపోయిన క్షణంలో తెరుచుకుంటుంది. ఆ డయోడ్‌ని ఎవరూ పరీక్షించరు. అది తెగి ఉంటే బూస్ట్ రోజు కరెంటు పోయినప్పుడే తెలుస్తుంది. బూస్ట్ పెట్టేముందు ప్రతిసారీ డయోడ్ రేంజిలో చూడండి.

మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ పెట్టేవాళ్లు ఈ ఏర్పాటు మరిచిపోయి, 148 వోల్టులు నేరుగా లోడ్ బస్ మీదికి వదలడం చూస్తుంటాం. వీఆర్‌ఎల్‌ఏకి బూస్ట్ 2.3, అంటే 126.5, కాబట్టి వాళ్ల స్టాండర్డ్ డ్రాయింగులో ట్యాప్ ఉండదు. నీళ్ల బ్యాటరీకి అదే డ్రాయింగు వాడితే రిలే పవర్ సప్లైలు పోతాయి.

సున్నపురాయి_ఎలక్ట్రికల్

సరే. నేను మొదట్లో అన్నదాంట్లో ఒకటి మార్చుకుంటా: ఫోర్క్‌లిఫ్టులకి అన్న లెక్కే సరి. సబ్‌స్టేషన్‌కి మాత్రం పాత ఇనుమే ఉంచి, కార్డు మార్చే దారి. కొత్తగా కొనేవాళ్లు స్పెసిఫికేషన్లో ఏం రాయాలో చెప్పండి.

చుట్టుడు_షాపు

రాగి వైండింగ్ అని అక్షరాలా రాయండి, రాయకపోతే అల్యూమినియం వస్తుంది, లగ్‌ల దగ్గర వదులై కాలుతుంది. క్లాస్ హెచ్, వాక్యూమ్ వార్నిష్, మధ్యలో ఎర్త్ స్క్రీను. ప్రైమరీకి 5, 10 శాతం ట్యాపులు. వైండింగులో థర్మోస్టాట్. రెండు ప్యానెళ్లు తీసుకోండి, ఒకటి ఫ్లోటు, ఒకటి ఫ్లోట్ కమ్ బూస్టు. ఒకటి రిపేరులో ఉంటే రెండోది మోస్తుంది.

మాడ్యూల్_మామ

నేనింకా ఒప్పుకోలేదు. ఎయిర్ కండిషనర్ ఉన్న శుభ్రమైన గది, వీఆర్‌ఎల్‌ఏ బ్యాటరీ, మూడు ఫేజుల మాడ్యూళ్లు. ఓర్వకల్లు సోలార్ పార్కు తరహా కంట్రోలు రూములకి నా మాటే నిలుస్తుంది. సిమెంటు గదికి వదిలేస్తున్నా. స్పేర్లు ఏం పెట్టుకోవాలో కూడా చెప్పేయండి, ఈ చర్చ దొరికినవాళ్లకి పనికొస్తుంది.

డీసీ_ప్యానెల్

ఎస్‌సీఆర్‌లు రెండు, సెమీకండక్టర్ ఫ్యూజులు ఆరు, పల్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి, ఫిల్టర్ కెపాసిటర్ల సెట్టు ఒకటి, కంట్రోలు కార్డు ఒకటి. కెపాసిటర్లు అల్మారాలో ఏళ్లు పడుంటే నేరుగా వేయకండి, రెసిస్టరుతో గంటల పాటు మెల్లగా వోల్టేజీ ఎక్కించి కోలుకోనిచ్చాక వేయాలి. స్పేరు కార్డుని కొన్న రోజే ప్యానెల్లో వేసి, ఫ్లోట్, బూస్ట్, కరెంట్ లిమిట్ మూడూ సెట్ చేసి, ప్రీసెట్ల మీద లక్క చుక్క వేసి, అంకెలు కార్డు మీదే రాసి దాచండి. కరెంట్ లిమిట్ సెట్ చేయని కొత్త కార్డు రాత్రి షిఫ్టులో వేస్తే, ఖాళీ అయిన బ్యాటరీ మీద మొదటి నిమిషంలోనే ఆ ఆరు ఫ్యూజులూ అయిపోతాయి.